అడ్డంకులు దాటిన పంతులు

(వనపర్తిలో ఊరూరి నుంచి వచ్చిన కార్యకర్తలు, యువకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



పెబ్బేరు, కొత్తకోట, పానగల్లు, గోపాల్‌పేట, ఘనపురం దిక్కు నుంచి మీరంతా పనులు ఇడిసిపెట్టి వచ్చిన్రు. ఒక దినం కూలి పోగొట్టుకొని వచ్చినోళ్లకు గాలి మాటలు చెప్పొద్దు. అందుకని సూటిగా విషయంలోకి వస్త.

ఇవాళ మీకు ఒక బడిపంతులు కథ చెప్త. ఆయన పేరు జార్జ్ కోల్‌మన్ పోగ్. అమెరికా దేశపు నల్లజాతి మనిషి. ఒలింపిక్ ఆటల్లో పతకం గెలిచిన మొట్టమొదటి అమెరికా నల్లవాడు ఆయనే. 1904లో రెండు కంచు పతకాలు గెలిచిండు. రెండూ హర్డిల్స్ పరుగులోనే. ఆ పతకాలు జేబులో ఏసుకొని ఆయన యాడికి పోయిండు? నల్లపిల్లల బడికి పోయిండు. 1914 దాకా ఆ బడిలో పాఠాలు చెప్పిండు. లోకం ఆయన పరుగునే యాది చేసుకుంటది. మనం ఆయన బడిని కూడా యాది చేసుకోవాలె. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

అమెరికా నల్లోళ్ల ముచ్చట వనపర్తిలో ఎందుకని మీరు అడగొచ్చు. ఈ చుట్టరికం ఇవాళ కలిపింది కాదు. మహాత్మా ఫూలే 1873లో ‘గులాంగిరి’ పుస్తకం అచ్చేసినప్పుడు, బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు ఆ పుస్తకం అంకితమిచ్చిండు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసిండు. నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి పెడుతున్న అర్జీ ప్రతులు కావాలని అడిగిండు. మన పెద్దలు వాళ్ల దిక్కు చూసిన్రు, వాళ్ల పోరాటం నుంచి నేర్చుకున్నరు. మనం కూడా చూద్దాం.

అడ్డంకుల పరుగు అంటే

ముందు హర్డిల్స్ అంటే ఏందో తెలుసుకోవాలె. చూడనోళ్లు మనలో చాలామంది ఉంటరు. ఉత్త పరుగులో ముందు ఏమీ అడ్డం ఉండది, ఉరుకుడే. హర్డిల్స్‌లో దారి పొడుగునా అడ్డకట్టెలు నిలబెడతరు. 400 మీటర్ల పరుగులో పది అడ్డకట్టెలు. మొదటిది 45 మీటర్ల దూరంలో ఉంటది. అక్కడి నుంచి ప్రతి 35 మీటర్లకు ఒకటి. ఆఖరుది దాటినంక ఇంకా 40 మీటర్లు ఉరకాలె. ఇప్పుడు మగవాళ్లకు కట్టె ఎత్తు 3 అడుగులు, ఆడవాళ్లకు రెండున్నర అడుగులు.

ఎగిరి దుంకితే సాలదు. కట్టెకు కట్టెకు నడుమ ఎన్ని అడుగులు వెయ్యాలె, ఏ కాలు ముందు లేపాలె అన్నది లెక్క. లెక్క తప్పితే కట్టె ముందర ఆగవలసి వస్తది. పైకి ఎక్కువ ఎగిరితే కాలం పోతది, తక్కువ ఎగిరితే కాలు తాకుతది. మన పిల్లలు బర్రెలు కాసేటప్పుడు చెలక గట్లు దుంకుతరు, ముండ్ల కంపలు దుంకుతరు. కాళ్లల్ల బలానికి మనకు కరువు లేదు. కానీ లెక్క చెప్పెటోడు ఉండాలె, మైదానం ఉండాలె, అడ్డకట్టెలు ఉండాలె. అంటే పంతులు ఉండాలె. పంతులు లేని కాళ్లబలం గట్ల మీదనే అరిగిపోతది.

అక్షరం నేరమైన రాష్ట్రం

పోగ్ 1880 నవంబరు 6న మిస్సోరీ రాష్ట్రంలోని హానిబల్ అనే ఊళ్లో పుట్టిండు. మిసిసిపీ నది ఒడ్డున ఉంటది ఆ ఊరు. మిస్సోరీ అప్పటికి పదిహేనేండ్ల కిందటి దాకా బానిసల రాష్ట్రం. మనుషులను సంతలో పశువుల లెక్క అమ్మిన నేల. పెబ్బేరు సంతలో ఎడ్ల పండ్లు చూసి బేరం చేసినట్టు మనుషుల పండ్లు చూసి బేరం చేసిన్రు.

ఆ రాష్ట్రంలోనే 1847లో ఒక చట్టం తెచ్చిన్రు. నల్లవాళ్లకు చదువు గానీ రాత గానీ నేర్పే బడి నడపొద్దు. నడిపితే 500 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. వేదం విన్న శూద్రుని చెవిలో సీసం పొయ్యమన్న దేశం మనది. వాళ్లది అచ్చు కాయితం మీద చట్టం చేసిన దేశం. భయం మాత్రం రెండు దిక్కులా ఒక్కటే. అక్షరం వస్తే వీళ్లు లెక్క అడుగుతరు అన్నదే ఆ భయం.

ఆ చట్టం వచ్చినంక సెయింట్ లూయిస్ పట్నంలో జాన్ మీచమ్ అనే నల్ల పాస్టరు ఒక ఉపాయం చేసిండని చెప్పుకుంటరు. నేల మీద రాష్ట్రం చట్టం నడుస్తది, నది మాత్రం కేంద్రం అధికారం కింద ఉంటది. అందుకని మిసిసిపీ నది మీద పడవలో బడి పెట్టిండట. కృష్ణ ఒడ్డున పుట్టినోళ్లకు ఈ ముచ్చట సులువుగా అర్థమైతది. ఒడ్డు మీద జాగ ఇయ్యకపోతే నీళ్ల మీదనన్న అక్షరాలు దిద్దిన్రు.

పోగ్ నాలుగైదేండ్ల పిల్లగాడుగా ఉన్నప్పుడు ఆ కుటుంబం మిస్సోరీ ఇడిసి ఉత్తరానికి వలస పోయింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లాక్రాస్ పట్నం చేరుకున్నరు. వలస అంటే ఏందో పాలమూరోళ్లకు ఒకరు చెప్పవలసిన పని లేదు. చిన్నతనంలోనే పోగ్ తండ్రి చనిపోయిండు. తల్లి అన్నా కలిగిన తెల్లవాళ్ల ఇంట్లో పనికి కుదిరింది. ఆమె కష్టం మీద పిల్లగాని చదువు సాగింది.

పిల్లగాడు చదువులో గట్టోడు. 1899లో లాక్రాస్ హైస్కూలు నుంచి బయటికి వచ్చేటప్పుడు మొత్తం తరగతిలో రెండో స్థానం. ఆ బడి నుంచి పట్టా పొందిన మొదటి నల్లవాడు. ఆ బడిలోనే ఆటల్లోనూ ముందున్నడు. ఆటలాడితే చదువు పోతదని మనలో చానామంది అనుకుంటరు. పోగ్ కథలో ఆట, చదువు రెండూ కలిసే పోయినయి.

అక్కడి నుంచి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం చేరిండు. ఆ విశ్వవిద్యాలయం జట్టు తరఫున ఉరికిన మొదటి నల్లవాడు ఆయనే. 1903లో చరిత్ర సబ్జెక్టుతో డిగ్రీ పూర్తి చేసిండు. డిగ్రీ కోసం ఆయన రాసిన వ్యాసం దేని మీదనో తెలుసా? జార్జియా రాష్ట్రంలో 1860 నుంచి 1900 దాకా నల్లవాళ్ల ఆర్థిక స్థితి ఎట్లున్నది అన్నదాని మీద. బానిసత్వం పోయినంక నల్లోని చేతికి ఏమొచ్చింది? భూమి వచ్చిందా, కూలి పెరిగిందా, అప్పు తీరిందా? మనం మన ఊర్లల్ల అడుగుతున్న ప్రశ్నలు ఇవే. ఆ పిల్లగాడు కాళ్లతోటే కాదు, బుర్రతోటి కూడా ఉరికిండు.

1904 జూన్‌లో చుట్టుపక్కల రాష్ట్రాల పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల పోటీల్లో 440 గజాల పరుగు, 220 గజాల హర్డిల్స్ రెండూ గెలిచిండు. ఆ పోటీల్లో నల్లవాడు గెలువడం అదే మొదలు.

కూలి ముట్టని ఆట

ఆ రోజుల్లో ఒలింపిక్ ఆటలకు ఒక నియమం ఉండె. ఆటగాడు పైసలు ముట్టొద్దు. ఆటకు పైసలు ముట్టనోని పేరు అమెచ్యూర్. ఇనడానికి మంచిగనే ఉన్నది గదా, పైసల కోసం కాదు ప్రేమ కోసం ఆడాలె అని. కానీ దాని లోపల ఏమున్నదో చూడాలె. పైసలు ముట్టకుండ ఏండ్లకేండ్లు సాధన చెయ్యడం ఎవరితోటి అయితది? ఇంట్ల జమీను ఉన్నోనితోటి అయితది. రోజు కూలికి పోయెటోనితోటి ఎట్లయితది?

ఇంగ్లండు దేశంలో హెన్లీ పడవ పోటీలోళ్లు 1879లో నియమాలు రాసుకున్నరు. చేతిపని చేసేటోడు, కూలి చేసేటోడు అమెచ్యూర్ కాడు, పోటీకి పనికిరాడు అని కాయితం మీదనే పెట్టిన్రు. చెమట పట్టిన చెయ్యి పడవ తెడ్డు పట్టరాదట! మన దగ్గర చెరువు కాడ, బాయి కాడ ఉండే కట్టుబాటుకు, దీనికి ఏమన్న తేడా ఉన్నదా?

ఇదే అమెచ్యూర్ నియమం అమెరికా ఆదివాసీ ఆటగాడు జిమ్ థోర్ప్‌ను కొట్టింది. ఆయన 1912 ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిండు. అంతకుముందు ఎన్నడో బేస్‌బాల్ ఆడి కొద్దిపాటి కూలి తీసుకున్నడని 1913లో ఆ పతకాలు గుంజుకున్నరు. ఆయన 1953లో చనిపోయిండు. పతకాలు తిరిగి ఇయ్యాలని 1982లో తీర్మానం చేసిన్రు. ఆ పందాల్లో ఆయన ఒక్కడే విజేత అని ఒప్పుకునేసరికి 2022 అయింది. నూటపదేండ్లు పట్టింది ఒక ఆదివాసీ గెలుపును ఒప్పుకోవడానికి.

కాబట్టి పోగ్‌కు ఆట అన్నం పెట్టలే. బతుకు కోసం వేరే పని చూసుకోవాలె. ఆయన కాడ ఉన్న ఆస్తి చదువు ఒక్కటే.

సెయింట్ లూయిస్, 1904

1904 ఒలింపిక్స్ సెయింట్ లూయిస్‌లో జరిగినయి. మళ్లీ అదే మిస్సోరీ రాష్ట్రం. ఆ ఏడు అక్కడ పెద్ద ప్రపంచ జాతర పెట్టిన్రు. ఆ జాతరలో కొత్త యంత్రాలతో పాటు మనుషులను కూడా చూపుడు వస్తువులు చేసిన్రు. ఫిలిప్పీన్స్ దేశం నుంచి వెయ్యిమందికి పైగా జనాన్ని తెచ్చి గుడిసెలేసి కూసోబెట్టిన్రు. ఆఫ్రికా మనుషులు, అమెరికా ఆదివాసులు కూడా ఉన్నరు. టికెట్టు కొనుక్కొని తెల్లజనం చూసిపోయేది.

అంతటితోటి ఆగలే. ఆగస్టు 12, 13 తేదీలల్ల ఆ మనుషులకు ఆటల పోటీలు పెట్టిన్రు. అంతకుముందు ఎన్నడూ చూడని ఆటలు, సాధన లేదు, నియమాలు సరిగ్గ చెప్పలే. వాళ్లు సరిగ్గా ఆడలేకపోతే, సూడుండ్రి వీళ్ల జాతే తక్కువది అని పుస్తకాలల్ల రాసుకున్నరు. నేర్పకుండ పరీక్ష పెట్టుడు, ఫెయిలయితే జాతి మీదికి నెట్టుడు. ఈ పద్ధతి మనకు కొత్తనా? బడికి పంపకుండ వెట్టికి పెట్టుకొని, వీళ్లకు చదువు అబ్బదు అన్నోళ్లను మనం చూడలేదా?

ఆ జాతరలో, ఆ ఆటల్లో చూసెటోళ్లకు కూడా రంగును బట్టి వేరు జాగలు పెట్టిన్రు. 1896లోనే అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, వేరు పెట్టినా సమానంగా పెడితే తప్పు లేదని. వేరు పెట్టిన్రు, సమానం మాత్రం ఎన్నడూ పెట్టలే. హోటల్లో రెండు గ్లాసులు పెట్టి, రెంటిలో పోసేది ఒకటే చాయ్ గదా అన్నట్టు.

దీన్ని చూసి నల్లజాతి నాయకులు పిలుపిచ్చిన్రు. ఈ ఆటలను బహిష్కరించాలె, మనోళ్లు ఎవరూ పోవద్దు అని. పోగ్ పోయిండు. మిల్‌వాకీ పట్నం ఆటల సంఘం తరఫున ఉరికిండు.

ఆగస్టు 31న 400 మీటర్ల హర్డిల్స్. ఆ ఏడు అడ్డకట్టెల ఎత్తు రెండున్నర అడుగులే పెట్టిన్రు. పందెంలో ఉన్నది నలుగురు. హ్యారీ హిల్‌మన్ 53 సెకండ్లలో మొదట వచ్చిండు, ఫ్రాంక్ వాలర్ రెండు, పోగ్ మూడు. తెల్లారి సెప్టెంబరు 1న 200 మీటర్ల హర్డిల్స్‌లో కూడా పోగ్ మూడో స్థానం. ఆ 200 మీటర్ల పందెం 1900లో, 1904లో తప్ప ఇంక ఎన్నడూ ఒలింపిక్స్‌లో పెట్టలే. అదే ఆటల్లో మారథాన్ పరుగులో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఇద్దరు నల్లవాళ్లు, లెన్ తౌన్యానే, యాన్ మషియానీ ఉరికిన్రు. జాతరలో యుద్ధం ఆట చూపెట్టడానికి తెచ్చిన మనుషులు వాళ్లు. తొమ్మిది, పన్నెండు స్థానాల్లో వచ్చిన్రు.

నలుగురిలో మూడోడు, ఇది కూడ ఒక గొప్పేనా అని ఎవరన్న అనొచ్చు. నలుగురే ఎందుకు ఉన్నరు? సాధన చెయ్యడానికి తీరిక, రావడానికి ఖర్చు ఉన్నోళ్లే వచ్చిన్రు. ఆ నలుగురిలో ఒకడు పనిమనిషి కొడుకు. ఆయన ఆ గీత కాడికి రావడానికి ఎన్ని అడ్డకట్టెలు దాటిండో, ఆ లెక్క గడియారంలో కనపడది.

పోవాల్నా, పోవద్దా?

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న ఉన్నది. కార్యకర్తలు దీని మీద ఆలోచన చెయ్యాలె. బహిష్కరించమన్న నాయకులది తప్పా? లేక పోయిన పోగ్‌ది తప్పా?

నాయకుల మాటలో న్యాయం ఉన్నది. నా అక్కను, నా తమ్మున్ని వేరు జాగలో నిలబెట్టి, నన్ను ఒక్కన్ని మైదానంలోకి పిలిచి చప్పట్లు కొడితే, ఆ చప్పట్లు ఎవరికి లాభం? సూడుండ్రి, మేము నల్లోళ్లను కూడ ఆడనిచ్చినం అని చెప్పుకోవడానికి వాళ్లకు ఒక నమూనా దొరుకుతది. మన ఊర్లల్ల కూడ ఇట్లనే అయితది. ఒకాయనను వార్డు మెంబరు చేసి కుర్చీ చూపెడతరు, వాడకు నీళ్ల పంపు మాత్రం రాదు.

పోగ్ దిక్కు కూడ న్యాయం ఉన్నది. ఆయన పోకపోతే ఆ గీత కాడ ముగ్గురు తెల్లోళ్లే ఉంటుండిరి. అప్పుడు ఆ జాతి శాస్త్రపోళ్లు రాసుకునేది ఏంది? నల్లోనికి చేతకాదు, అందుకే రాలేదని రాసుకుంటుండిరి. పోటీలో ఉంటేనే ఆ అబద్ధానికి జవాబు దొరుకుతది. గడియారానికి రంగు తెల్వది, కులం తెల్వది.

రెండు దిక్కులా న్యాయం ఉన్నప్పుడు మనిషిని ఎట్ల అంచనా కట్టాలె? ఆ తర్వాత ఏం చేసిండో చూసి కట్టాలె. పతకం తెచ్చుకొని తన ఒక్కని బతుకు తాను చూసుకున్నడా, లేక వేరు జాగలో నిలబెట్టిన తన జనం కాడికి తిరిగి పోయిండా? నా లెక్కలో అదే అసలు పరీక్ష.

పోగ్ తిరిగి పోయిండు. యాడికో దూరం కాదు, అదే సెయింట్ లూయిస్ పట్నంలో ఉండిపోయిండు. ఆ పట్నంలోని చార్లెస్ సమ్నర్ హైస్కూలులో పంతులయిండు. 1847లో నల్లపిల్లలకు అక్షరం నేర్పడం నేరమన్న రాష్ట్రంలో, ఆ రాష్ట్రంలోనే పుట్టి వలసపోయిన నల్లపిల్లగాడు డిగ్రీ పట్టుకొని వచ్చి నల్లపిల్లలకు పాఠం చెప్పిండు. చట్టం చేసిన కాడి నుంచి అప్పటికి 57 ఏండ్లు. ఒక మనిషి జీవితకాలం కూడ కాదు.

సమ్నర్ బడి

ఆ బడి సంగతి కూడ చెప్పాలె. 1875లో మొదలయింది. మిసిసిపీ నదికి పడమర దిక్కున నల్లపిల్లల కోసం పెట్టిన మొదటి హైస్కూలు అది. బానిసత్వానికి ఎదురు మాట్లాడినందుకు 1856లో సెనేటు సభలోనే చేతికర్రతో దెబ్బలు తిన్న చార్లెస్ సమ్నర్ పేరు దానికి పెట్టిన్రు. మొదట్ల పంతుళ్లు తెల్లోళ్లే. మా పిల్లలకు మా పంతుళ్లు కావాలని నల్లజనం అడగంగ అడగంగ 1877 నుంచి నల్లపంతుళ్లను తీసుకున్నరు. ఆ పంతుళ్ల వరుసలోనే పోగ్ వచ్చి చేరిండు.

వేరు పెట్టిన బడి అది. వేరు పెట్టిన వాళ్ల ఉద్దేశం తక్కువ చెయ్యాలనే. కానీ అందులో ఉన్న పంతుళ్లు దాన్ని తక్కువ కానియ్యలే. తెల్లబడుల్లో, తెల్ల కాలేజీల్లో ఉద్యోగం ఇయ్యని పెద్ద చదువుల నల్లోళ్లంత ఆ బడికి చేరిన్రు. దాని ఫలం తర్వాతి తరాలకు అందింది. డిక్ గ్రెగరీ ఆ బడిలోనే పరుగు పందాల వీరుడయిండు, తర్వాత పౌరహక్కుల పోరాటంలో దిగిండు. టెన్నిస్ ఆటలో 1975లో వింబుల్డన్ గెలిచిన మొదటి నల్లజాతి మగవాడు ఆర్థర్ ఆష్ కూడ 1961లో ఆ బడి నుంచే హైస్కూలు ముగించిండు. ఒక మనిషి పతకం ఆ మనిషితోటి పోతది. బడి పతకం చెట్టు లెక్క కాస్తనే ఉంటది.

అదే కాలంలో మన దగ్గర ఏం జరుగుతున్నదో చూడుండ్రి. 1910లో హైదరాబాద్ ఇసామియా బజార్‌లో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లల కోసం బడి తెరిచిండు. ఆ తర్వాత ఆయన, ఆయన తోటోళ్లు కలిసి హైదరాబాద్‌లో ఒక్కొక్కటిగా ఇంకా బడులు పెట్టిన్రు. 1913లో అంబేద్కర్ చదువు కోసం న్యూయార్క్‌లో దిగిండు. అప్పటికి పోగ్ సమ్నర్ బడిలో పాఠాలు చెప్తనే ఉన్నడు. ఈ ముగ్గురూ ఒకరినొకరు చూసుకోలే. కానీ ముగ్గురూ పట్టుకున్నది ఒకటే దారి. బడి దారి.

పంతులు చేతిలో ఎంత బలం ఉంటదో చెప్పడానికి ఇంకో ఇద్దరి పేర్లు చెప్త. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఎత్తు దుంకుడులో బంగారు పతకం గెలిచిన ఆలిస్ కోచ్‌మన్, ఒలింపిక్ బంగారం అందుకున్న మొదటి నల్లజాతి ఆడమనిషి. ఆమె సొంతూరు జార్జియాలోని ఆల్బనీ. సన్మానం చేసిన తెల్ల మేయరు ఆమెతో చెయ్యి కలపలే. ఆమె కూడ తర్వాత పంతులమ్మ అయింది, పిల్లలకు ఆటలు నేర్పింది. రెండో ఆయన మన హైదరాబాదాయన, సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. ఆయన తయారు చేసిన భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది. 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోయింది. బడిపంతులంటే చిన్న మనిషి అనుకునెటోళ్లు ఈ పేర్లు యాదుంచుకోవాలె.

ఉత్తరాలు ఏరిన చేతులు

పోగ్ కథ ఇక్కడ ఆగితే మనసుకు నిమ్మళంగ ఉండు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. 1914లో ఆయన బడి ఇడిసిపెట్టిండు. మిన్నెసోటా రాష్ట్రంలో వ్యవసాయం చేసిండు. 1920లో షికాగో పట్నం చేరి హోటల్లో పనిచేసిండు. తర్వాత పోస్టాఫీసులో గుమాస్తాగా చేరి, దగ్గర దగ్గర ముప్పై ఏండ్లు అక్కడనే పనిచేసిండు.

చరిత్రలో డిగ్రీ, ఆ పైన కూడ చదివినోడు, ఒలింపిక్ పతకాలు ఉన్నోడు, పదేండ్లు పాఠాలు చెప్పినోడు ఉత్తరాలు ఏరే కొలువులో ఎందుకున్నడు? ఆ పని చిన్నదని నేననను, ఏ పనీ చిన్నది కాదు. కానీ ఆ రోజుల్లో చదువుకున్న నల్లోనికి తెరిచి ఉన్న తలుపులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పోస్టాఫీసు వాటిల్లో ఒకటి. దానికి కూడ అడ్డకట్టె పెట్టిన్రు. 1914 నుంచి సర్కారు కొలువు దరఖాస్తుకు ఫొటో అంటించాలన్నరు. పరీక్షలో మార్కులు చూడకముందే ముఖం చూస్తరు. మన దగ్గర ఇంటిపేరు అడిగి, ఏ ఊరు, ఊళ్లె ఏ వాడ అని అడిగి తెలుసుకుంటరు. వాళ్లు ఫొటో అడిగిన్రు.

మైదానంలో పది అడ్డకట్టెలు ఉంటయి, వాటి ఎత్తు అందరికీ ఒకటే, ఆఖరుది దాటినంక గీత కనపడుతది. బయట లోకంలో అడ్డకట్టెలకు లెక్క లేదు. ఒకనికి ఒక ఎత్తు, ఇంకొకనికి ఇంకో ఎత్తు. అందుకే బాగ ఉరికితే సాలు, అన్నీ దాటొచ్చు అని మన పిల్లలకు చెప్పడం సగమే నిజం. బాగ ఉరకాలె, నిజమే. దాంతోపాటు ఆ అడ్డకట్టెలు పెడుతున్న చేతులను పట్టుకొని అడగాలె. మొదటిది ఒక్క మనిషి పని, రెండోది సంఘం పని.

బడుల్లో రంగును బట్టి వేరు పెట్టడం చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సంఘాలు, వకీళ్లు, తల్లిదండ్రులు ఏండ్లకేండ్లు కొట్లాడితే వచ్చిన తీర్పు అది. పోగ్ ఆ తీర్పు వచ్చేదాకా బతికే ఉన్నడు. 1962 ఏప్రిల్ 11న షికాగోలో కన్నుమూసిండు. 2013లో లాక్రాస్ పట్నంలోని ఒక పార్కుకు ఆయన పేరు పెట్టిన్రు. పోయిన యాభై ఒక్క ఏండ్లకు.

మన నేల మీద

ఇగ మన సంగతికి వద్దాం. 2023లో చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన తెలంగాణ బిడ్డ అగసర నందిని హెప్టాథ్లాన్‌లో కంచు పతకం గెలిచింది. ఏడు ఆటలు కలిసిన పోటీ అది, అందులో మొదటిది 100 మీటర్ల హర్డిల్స్. ఆ బిడ్డ తండ్రి చాయ్ అమ్ముకొని బతికిన మనిషి. ఆమె చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. అవే ఆటల్లో విశాఖపట్నం బిడ్డ జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో వెండి పతకం గెలిచింది. ఆమె తండ్రి సెక్యూరిటీ గార్డు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ ఉరికిన మొదటి భారత మహిళ ఆమెనే.

ఈ బిడ్డలు ఆకాశం నుంచి ఊడిపడలే. గురుకులాలు ఊరికే రాలే. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారుల పట్టుదల, దళిత సంఘాల ఒత్తిడి కలిస్తే 1980లలో ఆ బడులు నిలబడ్డయి. బడి ఉంటే పంతులు ఉంటడు, పంతులు ఉంటే లెక్క చెప్తడు, లెక్క తెలిస్తే మన పిల్ల అడ్డకట్టె దాటుతది. పోగ్ కథలో చూసింది, నందిని కథలో చూస్తున్నది ఒకటే వరుస.

మరి మన ఊరి సర్కారు బడి సంగతేంది? రాజావారి కోటలో ఇవాళ పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తున్నది. కోటలో చదువు పెట్టగలిగిన వనపర్తిలో, ఊరి బడికి ఆటజాగ ఎందుకు ఉండది? 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో రాసి ఉన్నది. ప్రతి బడికి ఆటస్థలం ఉండాలె. అవసరమున్నంత ఆటసామాను ప్రతి తరగతికి ఇయ్యాలె. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో నూరుమందికి పైన పిల్లలుంటే వ్యాయామం నేర్పే పార్ట్‌టైం బోధకుడు ఉండాలె. బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలె, సగం మంది ఆడవాళ్లు ఉండాలె. ఇది ఎవరో దయతోటి ఇచ్చేది కాదు, చట్టం.

కాబట్టి మీరు ఊరికి పోయినంక నాలుగు పనులు చెయ్యాలని అడుగుతున్న.

ఒకటి. మీ బడి ఆటస్థలం కాయితం మీద ఎంత ఉన్నది, నేల మీద ఎంత ఉన్నదో కొలువుండ్రి. తేడా వస్తే సర్వే నంబరు రాసుకొని, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, మండలాఫీసులో అడుగుండ్రి. ఒక్కరు పోవద్దు, పదిమంది పోవాలె.

రెండు. ఆటల గంటలో మన పిల్లలతోటి గడ్డి పీకిస్తే, నీళ్లు మోయిస్తే, బడి ఊడిపిస్తే ఊకోవద్దు. ఆటల గంట ఆటలకే. అందరు పిల్లలు కలిసి చేసే శ్రమ వేరు, మన వాడ పిల్లలనే ఏరి చేయించే పని వేరు.

మూడు. ఆడపిల్లలు. పెద్దమనిషి అయిందని ఆట మానిపిస్తున్నం, పత్తి ఏరే కాలమొచ్చిందని బడి మానిపిస్తున్నం. పోగ్ తల్లి ఇంకొకళ్ల ఇంట్ల పనిచేసి కొడుకును చదివించింది. మన తల్లులు కూడ చేస్తున్నరు. కానీ కొడుకుకు ఒక లెక్క, బిడ్డకు ఒక లెక్క పెట్టొద్దు. ఇవాళ దేశానికి హర్డిల్స్‌లో పేరు తెచ్చింది బిడ్డలే.

నాలుగు. చదువుకున్న తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, ఇది మీకు. డిగ్రీ చేతికొచ్చినంక వాడ దిక్కు చూడనోళ్లు కొందరు ఉన్నరు. కొలువు దొరికితే సంతోషం, మంచిగ బతకాలె. కానీ పోగ్ లెక్క ఒక్క పదేండ్లు మీ వాడకు ఇయ్యండ్రి. పదేండ్లు కుదరకపోతే దినానికి ఒక గంట. సాయంత్రం పిల్లలను కూసోబెట్టి లెక్కలు చెప్పుండ్రి, పొద్దుగాల లేపి మైదానంలో ఉరికించుండ్రి. అడ్డకట్టెలు కొనడానికి పైసలు లేకపోతే రెండు గుంజలు పాతి పైన వెదురుబద్ద ఉట్టిగ పెట్టుండ్రి. కాలు తాకితే బద్ద కింద పడాలె, పిల్లగాడు పడొద్దు.

మీ ఊళ్లో మొదట బడికి పోయినామె ఎవరు, మొదట పది పాసయినాయన ఎవరు, మొదటి పంతులు ఎవరు? ఆ పేర్లు ఒక నోటుబుక్కులో రాసిపెట్టుండ్రి. పోగ్ పేరు పార్కుకు పెట్టడానికి ఆయన పోయినంక యాభై ఒక్క ఏండ్లు పట్టింది. మన పంతుళ్లు బతికుండంగనే వాళ్ల పేరు వాడ పిల్లలకు తెలువాలె.

ఈ పక్షం పత్రిక ఊరికి చేరేసరికి మీ ఆటస్థలం కొలత మీ చేతిలో ఉండాలె. వచ్చే కూటమికి ఆ కాయితం పట్టుకొని రాండ్రి. ఏ ఊళ్లో ఎంత జాగ పోయిందో అందరం కూసోని లెక్క కడదాం, ఎవరిని అడగాల్నో అప్పుడు నిర్ణయం చేద్దాం.